గంప కింది కాళ్ళు

మా కాంపౌండరు మామ పోయాడన్న కబురు నాకు బడిలో ఉండగా తెలిసింది. ఎనిమిదో తరగతికి రెండో పీరియడు. మా ఆయన రెండుసార్లు ఫోన్ చేస్తే తీయలేదు, మూడోసారి తీశాను. "కాంపౌండరు మామ పోయినాడు. రాత్రి అన్నం తిని పండుకున్నోడు లెయ్యలా. సాయంత్రం లోపల తీసేస్తారంట, పర్మిషన్ అడిగి వొచ్చెయ్," అన్నాడు. నేను సరేనని ఫోన్ పెట్టేసి, బోర్డు మీద సగంలో ఆగిన వాక్యాన్ని పూర్తి చేశాను. ఎందుకు పూర్తి చేశానో నాకే తెలియదు. పిల్లలు మాత్రం దాన్ని బుద్ధిగా రాసుకున్నారు.

మామ అంటున్నానే గానీ ఆయన మాకు చుట్టం కాదు. మైపాడుకు కాస్త ఇవతల, కాలవ పక్కన ఉన్న మా ఊళ్ళో మా వీధి చివరి ఇల్లు ఆయనది. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. ఎవరైనా పొరపాటున "డాక్టరు గారూ" అంటే, "డాక్టరు జీతం నాకెప్పుడూ రాలేదు, డాక్టరు పేరు మాత్రం నాకెందుకు?" అనేవాడు. భార్య ముందే పోయింది. కూతురిని పక్క ఊరికే ఇచ్చాడు. ఆమే వారానికోసారి వచ్చి కూరలు వండిపెట్టి పోయేది.

ఆ సాయంత్రం అక్కడ జరిగిన ఒక సంగతి ముందే చెప్పేస్తాను. చెప్పకపోతే తక్కినది రాయలేను. పాడె లేపబోయే ముందు నోట్లో నాలుగు బియ్యపు గింజలు వేస్తారు కదా. కూతురు ముందుకు వచ్చి, తండ్రి గడ్డం పట్టుకుని మెల్లగా కిందికి లాగింది. చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా మెడలు చాచి ముందుకు వంగారు. అందరికంటే ముందు మా ఎదురింటి అక్క. ఏం చూడాలని వంగారో నాకు తెలుసు. ఆయన నాలుక మీద నల్ల మచ్చ ఉందనీ, అందుకే ఆయన అన్న మాట అన్నట్టు జరుగుతుందనీ మా ఊరి నమ్మకం. సైన్సు టీచర్ని, మూఢనమ్మకాల పాఠం ఏటా గొంతు చించుకుని చెప్పేదాన్ని, నేనూ వంగాను. అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఏ మచ్చా లేదు. మీకూ నాకూ ఉన్నటువంటి నాలుకే. ఎదురింటి అక్క వెనక్కి జరిగి నా చెవిలో, "చచ్చినాక మాసిపోయుంటదిలే," అంది.

ఆ మాటకు నాకు చెయ్యి ఎత్తాలనిపించింది. ఎత్తలేదు. ఆమెను అనే అర్హత నాకు లేదని మా ఇంట్లో ఒక కుక్కకు తెలుసు.

ఆయన్ని నేను ముందుగా గుర్తుపెట్టుకున్నది నడకతో. రోజూ పొద్దున్నే పాత నల్ల గొడుగు చంకలో పెట్టుకుని సముద్రం దాకా నడిచి వచ్చేవాడు. వానైనా ఎండైనా గొడుగు విప్పగా నేను చూడలేదు. అది దేనికి మామా అని అడిగితే, "చేతిలో ఏదో ఒకటి లేకపోతే నన్ను నేనే పోగొట్టుకుంటా అమ్మే," అన్నాడు. దారిలో గొడ్డు ఎదురైనా, మేక ఎదురైనా, కుక్క ఎదురైనా ఆగేవాడు. మనం ముఖం చూస్తాం. ఆయన దాన్ని దాటిపోనిచ్చి, వెనక్కి తిరిగి నడుము చూసేవాడు. "ముందు కాళ్ళు ముచ్చట చెప్తాయి, వెనక కాళ్ళు నిజం చెప్తాయి" అనేది ఆయన మాట. ఇంకొకటి కూడా అనేవాడు: "కుక్క ముఖం చూసి తెచ్చుకుంటారు, నడుం చూసి ఏడుస్తారు."

మా పక్క రొయ్యల గుంటలు పెరిగాక జాతి కుక్కలు వచ్చాయి. గుంట దగ్గర కాపలాకు, దొంగల భయానికి, కాస్త దర్జాకు కూడా. అంతకుముందు మాకు తెలిసిన కుక్కలు వీధివే. అవి తినీ తినకా పెరిగేవి, ఉరికేవి. ఈ కొత్తవి వారానికి ఇంత చొప్పున లావెక్కేవి. పిల్లగా ఉన్నప్పుడు వెనక కాళ్ళు రెండూ కలిపి ఎగిరెగిరి దూకుతుంటే, "చూడండి, చెవులపిల్లి మాదిరి ఎట్టా దూకుతా ఉందో!" అని మురిసిపోయేవాళ్ళం. మా వైపు కుందేలును చెవులపిల్లి అంటారు. కుక్కపిల్లకు అంతకు మించిన మెప్పు మా వీధిలో లేదు. ఆ మెప్పు వినిపించిన చోటల్లా మామ ముఖం మాడిపోయేది.

ఒకసారి ఒక గుంటల ఆసామి గర్వంగా తన కుక్కపిల్లను చూపిస్తే, ఈయన చూసి, "రెండేళ్ళకు దీన్ని మీరే మోసుకోవాల. ఇప్పుడే తుంటి ఎక్స్‌రే ఫోటో తీయించండి," అన్నాడు. వాళ్ళు నవ్వారు. రెండేళ్ళకు ఆ కుక్క నిజంగానే లేవలేకపోయింది. ఆసామి మామ ఇంటి ముందు నిలబడి, "నీ నోరు పడిపోను! బంగారం లాంటి కుక్కను మాటతో కూలేసినావే!" అని వీధంతా వినేలా శాపనార్థాలు పెట్టాడు. తరువాత ఇంకో కుక్క, ఆ తరువాత ఇంకోటి. పది కుక్కల్ని చూసి తొమ్మిదింటికి "ఏం లేదు, పో" అని పంపేవాడు ఆయన. ఆ తొమ్మిదీ ఎవరికి గుర్తుంటాయి? పదోది మాత్రం ఊరంతా పాకింది. ఎవరు మొదలుపెట్టారో గానీ నాలుక మీద మచ్చ మాట పుట్టింది. పుట్టిన మాటకు కాళ్ళు బాగానే ఉంటాయి కాబోలు, మూడు ఊళ్ళు తిరిగింది.

అప్పటినుంచి ఆయన తనంతట తాను చెప్పడం మానేశాడు. దేనిలోనైనా తేడా కనిపిస్తే గేటు దగ్గర ఆగి, "అడుగుతావా?" అనేవాడు. "అడిగితే చెప్తా, అడక్కపోతే నడుస్తా." ఎవరూ అడగలేదు. "వొద్దులే మామా" అని లోపలికి పోయి గడియ పెట్టుకునేవాళ్ళు. ఆయన గొడుగు చంక మార్చుకుని నడిచేవాడు. ఆ "అడుగుతావా" అన్న మాట వినిపిస్తే చాలు, ఆ ఇంటికి ఏదో రాబోతోందని ఎదురిళ్ళవాళ్ళు కూడా గుసగుసలు పోయేవాళ్ళు. ఆయన గొడుగు మలుపులో కనిపించగానే కుక్కపిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్ళు. కొందరు కోళ్ళ గంప కింద మూసిపెట్టేవాళ్ళు.

ఇక మా సంగతి. మా ఆయనకు రెండు గుంటలున్నాయి. కృష్ణపట్నంలో పనిచేసే స్నేహితుడొకాయన బదిలీ మీద పోతూ మూడు నెలల జర్మన్ షెపర్డ్ పిల్లను ఇచ్చిపోయాడు. మా ఆయన దానికి భీముడని పేరు పెట్టాడు. పేరు పెట్టిన పాపానికి, ఆ పేరు నిలబెట్టాలని రోజూ రెండు గుడ్లు, కోడి కాళ్ళు, మందుల షాపులో కొన్న కాల్షియం టానిక్కు. "తొందరగా ఒళ్ళు జెయ్యాల, గుంట కాడ నిలబడితే మనిషి భయపడాల" అని ఆయన ఆత్రం. వాడు నిజంగానే నెల తిరక్కముందే రెట్టింపయ్యాడు. మా కొత్త టైల్సు మీద జారుతూ, లేచి మళ్ళీ దూకుతూ, వెనక కాళ్ళు రెండూ కలిపి ఇల్లంతా తిరిగేవాడు. మా అత్త దిష్టి తీసేది. నేను ఫోన్‌లో వీడియోలు తీసి స్టాఫ్ రూములో చూపించేదాన్ని. అందరూ ఒకటే మాట: చెవులపిల్లి.

వాడికి నాలుగో నెల నడుస్తున్న రోజుల్లో, ఒక ఉదయం నేను వాకిట్లో ఉన్నాను. మలుపులో గొడుగు కనిపించింది. లోపలినుంచి మా అత్త, "అమ్మే! ఆయన వస్తుండాడు! బిడ్డను మూసెయ్!" అని కేకేసింది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అదే నన్ను ఇప్పటికీ కాలుస్తుంది. ఆలోచించి తప్పు చేసినా ఒక మర్యాద ఉండేది. పక్కనే ఉన్న కోళ్ళ గంప ఎత్తి భీముడి మీద బోర్లించాను. కోడి, పిల్లలు పట్టే గంప అది, వీడికి ఇరుకు. వాడు ఊరుకుంటాడా? అదో ఆట అనుకున్నాడు. గంపను వీపున మోసుకుంటూ, నేను పట్టుకునే లోపే గేటు వైపు బయల్దేరాడు. గంప తనంతట తాను నడుచుకుంటూ వాకిలి దాటి గేటు దాకా పోయింది.

మామ నిలబడి పకపకా నవ్వాడు. "ఏందమ్మే, మీ ఇంట్లో గంపలకు కూడా కాళ్ళొచ్చినాయే!" అన్నాడు. నేనూ సిగ్గుతో నవ్వాను. నవ్వుతూనే ఆయన చూపు కిందికి దిగింది. గంప అంచు కింద కనిపిస్తున్నవి కాళ్ళే. తల లేదు, చెవులు లేవు, ముద్దొచ్చే ముఖం లేదు. వెనక పాదాలు రెండూ ఒకదాని వెంట ఒకటి పడకుండా జంటగా పడుతున్నాయి, జంటగా లేస్తున్నాయి. ఆయన నవ్వు ఆగింది. ఏది చూడకూడదని నేను దాచానో అది తప్ప తక్కినదంతా కప్పిపెట్టి, సరిగ్గా అదే ఆయనకు చూపించాను.

"అడుగుతావా అమ్మే?" అన్నాడు.

 "ఏం లేదులే మామా, ఎండగా ఉండాదని..." అంటూ గంపతో సహా వాణ్ణి ఎత్తుకుని లోపలికి వచ్చేశాను. ఆయన కాసేపు గేటు దగ్గరే ఉన్నట్టుంది. తరువాత చెప్పుల చప్పుడు దూరమైంది. మా అత్త ఉప్పూ మిరపకాయలూ తెచ్చింది. నేను వద్దనలేదు.

ఆ తరువాత భీముణ్ణి ఆయన కంట పడనివ్వలేదు. పొద్దున ఆయన పోయి వచ్చేదాకా వెనక గదిలో కట్టేసేవాళ్ళం. నాలుగో నెల నిండింది, ఐదో నెలా నిండింది. వాడు ఆడుతూ ఆడుతూ మధ్యలో చతికిలబడటం మొదలైంది. "లావెక్కినాడు గదా, ఆయాసం" అన్నాడు మా ఆయన. మేడ మెట్లు ఎక్కడం మానేశాడు. "సోమరి" అన్నాను నేను. ఒకరోజు ఒళ్ళు తుడుస్తూ తొడ మీద చెయ్యి వేస్తే, ఎప్పుడూ మూలగనివాడు మూలిగాడు. మా అత్త నా ముఖం చూసింది, నేను ఆమె ముఖం చూశాను. ఇద్దరం ఏమీ అనలేదు. అంటే అవుతుందేమోనని భయం. నాలుక మీద మచ్చ ఆయనకొక్కడికే ఉందనుకుంటూ మా నాలుకలకు మేమే తాళం వేసుకున్నాం.

ఒక ఆదివారం మైపాడు తీరానికి పోయాం. నేను, మా ఆయన, భీముడు. సముద్రం వెనక్కి తగ్గి ఉంది, తడి ఇసుక నున్నగా పరుచుకుని ఉంది. భీముడు వదిలిపెట్టగానే పరిగెత్తాడు, కాసేపటికే అలిసి కూర్చున్నాడు. అప్పుడు చూశాను, దూరంగా మామ వస్తున్నాడు. మమ్మల్ని ఆయన కూడా చూశాడు. చూసి దారి మార్చుకుని సరుగుడు తోపు వైపు తిరిగాడు. మా కోసమే తిరిగాడు. ఎదురుపడి మమ్మల్ని భయపెట్టకూడదని. వయసులో అంత పెద్ద మనిషి, నన్ను చూసి పక్కకు తొలగిపోతున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

పోతూ పోతూ ఆయన ఒకచోట ఆగాడు. కిందికి చూశాడు. గొడుగు ఆనించి చాలాసేపు చూశాడు. తరువాత నడిచిపోయాడు. నేను ఆగలేక అక్కడికి పోయాను. భీముడి అడుగులు అవి. పక్కనే ఏదో వీధికుక్క పోయిన అడుగులు కూడా ఉన్నాయి. వీధికుక్కవి దండలో పూలలా ఒకదాని వెనక ఒకటి, నాలుగూ ఒకే లోతు. మావాడివి ముందు కాళ్ళ గుర్తులు ఇసుకలోకి దిగబడి ఉన్నాయి, వెనకవి రెండూ పక్కపక్కనే ఒరుసుకుంటూ పైపైన. చూడటం చేతకాని దాన్నేం కాదు. చూడటం నేర్పించేందుకు జీతం తీసుకుంటున్నదాన్ని.

"మామా!" అని అరిచాను. గాలికి వినపడలేదో, వినపడనట్టు పోయాడో. పరిగెత్తి పోయి ముందు నిలబడ్డాను. "అడుగుతుండా మామా. చెప్పు."

ఆయన భీముడి వైపు తిరిగాడు. "ఎన్నో నెల?"

"ఆరోది జరగతా ఉండాది."

కళ్ళు మూసుకున్నాడు. తెరిచాక, "నేనెందుకు? నువ్వు చూసినావు గదా, నువ్వే చెప్పు," అన్నాడు.

"ముందు కాళ్ళు లోతుగా పడినాయి. బరువంతా ముందుకేస్తుండాడు. వెనక మోపలేకుండాడు."

"మీ ఇంట్లో రుబ్బురోలుందా?"

"ఉండాది మామా."

"రోలు గుంట లోతుగా ఉంటే పొత్రం అందులో కుదురుగా తిరగతది. గుంట లోతు లేకపోతే? తిప్పిన కొద్దీ పక్కకు జారతది. జారి జారి అంచు అరిగిపోతది. తుంటి కూడా అంతే అమ్మే. చూస్తే అది గదా అనిపిస్తా ఉండాది. ఖాయంగా చెప్పాలంటే ఫోటో తియ్యాల. తిరపతి పో. రేపే పో."

"ఇప్పుడు పోతే బాగవుతాడా?"

ఆయన గొడుగు కొనతో ఇసుక మీద ఏదో గీసి, కాలితో చెరిపేసి, "ముందు పో," అన్నాడు.

మరుసటి రోజే సెలవు పెట్టి అద్దె కారులో తిరుపతి పెద్ద పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాం. మత్తు సూది వేసి, వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాళ్ళు నిటారుగా లాగి పట్టుకుని ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ చిన్న వయసుది, నెమ్మది మనిషి. తెర మీద చూపించింది. నాకు ఆ రోలూ పొత్రమే కనిపించాయి. గుంట పళ్ళెంలా ఉంది, గుండు సగం బయటే ఉంది. రెండు వైపులా.

"ఎప్పటినుంచి ఇలా రెండు కాళ్ళూ కలిపి దూకుతున్నాడు?" అని అడిగింది.

"మొదట్నుంచీ," అన్నాను.

ఆమె విడమర్చి చెప్పింది. నాలుగో నెలలో తెచ్చి ఉంటే ఎముక లేతగా ఉండగానే ఒక చిన్న ఆపరేషన్ చేసే వీలుండేదట. పెరిగే కొద్దీ గుంటే గుండును సరిగ్గా కప్పుకునేలా. ఐదు నెలలు దాటాక అది పనికిరాదట. పెద్ద ఒళ్ళు వచ్చే జాతి పిల్లల్ని కుంటే దాకా ఆగకుండా ఆ వయసులోనే ఒకసారి చూపించి తీరాలట. ఇప్పుడిక బరువు తగ్గించడం, మందులు, జాగ్రత్త. ముందు ముందు పెద్ద ఆపరేషన్. అది మా తాహతుకు మించినది. ఆమె ఎవర్నీ తప్పు పట్టలేదు. నేను ఆ గది బయట బెంచీ మీద కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. గంప బోర్లించిన రోజు నుంచి వారాలు. పోయిన కాలమంతా నేను దాచిన కాలమే.

ఇంటికి వచ్చాక మా అత్త, "ఇసక మీద చూసినాడంటివే, ఆ చూపే తగిలింది," అంది. కాపరానికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆమెకు ఎదురు చెప్పి ఎరగను. ఆ రోజు చెప్పాను. "ఆయన చూసినందుకు కాదత్తా, మనం చూపించనందుకు." ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. గుడ్లూ టానిక్కూ మా ఆయన తనంతట తానే మానేశాడు. గోనె సంచులు కుట్టి టైల్సు మీద పరిచింది మాత్రం మా అత్తే.

మామకు ఫోటో సంగతి చెప్పిన మర్నాటినుంచి ఆయన పిలవకుండానే వచ్చేవాడు. "వీడికి నేల పనికిరాదు, నీళ్ళు కావాల" అని సాయంత్రాలు కాలవకు తీసుకుపోయేవాడు. లుంగీ ఎగగట్టి, తాడు పట్టుకుని ఆయన గట్టు మీద నడుస్తుంటే భీముడు నీళ్ళలో ఈదేవాడు. నీళ్ళలో వాడికి తుంటి బాధ ఉన్నట్టే ఉండేది కాదు. ఆయన వాడితో ఏవో మాట్లాడుతూ పోయేవాడు, పాత ఆఫీసర్ల మీద చాడీలు. నేను వెనక నడిచేదాన్ని. నెల రోజులు నడిచాక గానీ నోరు పెగల్లేదు.

"మామా, ఆ రోజు గంప కింద నేనే దాచినా. నీ మాట వినకూడదనే దాచినా."

"తెలుసులే. నన్ను చూసి గంపలు బోర్లించడం కొత్తా?"

"తెలిసి కూడా ఎందుకు చెప్పలా? తిట్టయినా చెప్పి ఉండొచ్చు గదా. వాడికి అప్పుడు నాలుగో నెలే."

ఆయన ఆగాడు. భీముడు తాడు బిగిసి వెనక్కి తిరిగి చూశాడు.

"నాకు భయం అమ్మే," అన్నాడు. "అందరూ అంటా ఉంటే ఒకోసారి నాకే అనుమానం. నేను అనకుండా ఉంటే ఆ కుక్కలు నడిచుండునేమో అని. అద్దంలో నాలుక చూసుకున్నా, ఎన్నోసార్లు. చదువుకున్నోడినే, ఎన్ని కళేబరాలు కోసినప్పుడు పక్కన నిలబడుంటినో, అయినా చూసుకున్నా. అందుకే నీ గేటు కాడ నువ్వు వొద్దన్నాక నోరు మెదపలా. అనకపోతే ఏమయితదో చూద్దామని." తాడు ఇంకో చేతికి మార్చుకున్నాడు. "నువ్వు తిరపతి నుంచి వచ్చి ఫోటో సంగతి చెప్పినావే, ఆ రోజు నాకు సంతోషమయింది. నేను నోరు విప్పకముందే జరిగిపోయుండాది, కాబట్టి తప్పు నా నోటిది కాదని. నీ కుక్క కాళ్ళు పోతా ఉంటే నేను సంతోషపడినా. ఇది నీకు చెప్పుకోవాల. నెల రోజులనుంచీ దీనికే వస్తుండా."

నాకు కోపం వచ్చింది. ఇప్పుడు రాస్తుంటే కూడా కొంచెం వస్తోంది. వాడి కాళ్ళతో పరీక్ష చూశాడా ఈయన అనిపించింది. ఆ కోపం గట్టు దిగేలోపే చల్లారింది. ఆయన్ని అంత దాకా తోసిందెవరు? గేటు దగ్గర "ఏం లేదులే మామా" అన్నది నా గొంతే కదా. ఇద్దరం కలిసి తాడు లాగాం. భీముడు ఒడ్డెక్కి ఒళ్ళు విదిలిస్తే మా ఇద్దరి మీదా బురద పడింది.

ఆ రోజు తరువాత ఆయన మళ్ళీ "అడుగుతావా" అనలేదు. అడిగినా అడక్కపోయినా చెప్పేవాడు. తలుపు వేస్తే కిటికీ లోంచి చెప్పేవాడు. "మూడు నెల్లు నిండినాయి, ఇంక నెలే టైముంది, ఫోటో తీయించండి!" అని వీధిలో నిలబడి అరిచేవాడు. తిట్లు తిన్నాడు. ఒకరు నీళ్ళు చల్లారు. "తిట్టనీ. తిట్టుకుంటానే తిరపతి పోతే చాలు," అనేవాడు. ముగ్గురు పోయారు. ఒక పిల్లకు ఏమీ లేదన్నారు. రెండింటికి సమయానికి ఆపరేషన్ జరిగింది. ఆ ఇళ్ళవాళ్ళు కూడా ఆయన పేరు చెప్పరు. అదృష్టం అంటారు.

భీముడికి ఇప్పుడు ఆరేళ్ళు. ఉన్నాడు. సముద్రంలో వాయుగుండం పట్టిందంటే రేడియో కంటే ముందు వాడి తుంటికి తెలుస్తుంది. ఆ రోజుల్లో వాడి నడుము కింద తువ్వాలు వేసి నేనూ మా ఆయనా చెరో కొస పట్టి లేపుతాం. ఆ బరువు పట్టిన ప్రతిసారీ నాకు మామ మీద కృతజ్ఞతే కలుగుతుంది, సిగ్గుతో కలిసిన కృతజ్ఞత. వాడు ఈ మాత్రం నడుస్తున్నది ఆయన నడిపించినందుకే. పూర్తిగా నడవనిది నా వల్ల.

మామ కర్మలు ముగిసిన రెండో రోజు ఎదురింటి అక్క నన్ను పిలిచింది. ఆమె తమ్ముడు చెన్నై నుంచి కుక్కపిల్లను తెచ్చి ఇచ్చాడట. "రామ్మే, చూద్దువు గానీ, బలే ఉండాది," అంది. పోయాను. గోధుమ రంగు లాబ్రడార్, బొద్దుగా, మెరుస్తున్న టైల్సు మీద కప్పలా కాళ్ళు చాపుకుని పడుకుని ఉంది. నన్ను చూడగానే తోక ఊపుతూ లేవబోయింది. ముందు కాళ్ళు లేచాయి, నడుము లేవలేదు. చతికిలబడింది. మళ్ళీ లేవబోయింది, మళ్ళీ జారింది. ఇల్లంతా పకపకా నవ్వారు. అక్క భర్త చప్పట్లు కొట్టాడు, కోడలు ఫోన్ తీసింది.

"ఎన్ని నెలలక్కా?" అన్నాను.

"మూడు నిండి నాలుగోది." అంటూనే ఆమె నవ్వు ఆపింది. ఆమె ఇక కుక్కను చూడటం లేదు, నా నోరు చూస్తోంది. మామ గేటు దగ్గర నిలబడితే అందరూ ఎట్లా చూసేవాళ్ళో అట్లా. ఏం లేదులే అక్కా, బాగుంది, అని ఒక్క మాట అంటే చాలు. కాఫీ ఇస్తుంది, తాగి ఇంటికి పోవచ్చు. రేపటినుంచి నన్ను చూసి ఎవరూ గడియ పెట్టుకోరు.  నిజంగా భయమేసింది.

"అక్కా, నువ్వు నన్ను అడగలా. అయినా చెప్తుండా. దీని తుంటి చూపించాల. ఈ వారంలోనే తిరపతి పోవాల. నేనూ వస్తా," అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. కోడలు ఫోన్ దించింది. అక్క చెయ్యి అప్పుడే తలుపు మీదికి పోయింది. ఆ పిల్లకు ఇవేవీ తెలియవు. మూడోసారికి ఎట్లాగో లేచి, వెనక కాళ్ళు రెండూ కలిపి ఎగిరెగిరి దూకుతూ, సంతోషంగా నా దగ్గరికి వచ్చేసింది.